నీలిమందు గంజి

పురప్రజలందరికీ మైకు ముఖంగా మనవి చేసుకునేదేమిటంటే, మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర ఇవాళ పెసరట్టులోకి అల్లం పచ్చడి లేదు, కొబ్బరి పచ్చడితో సర్దుకోవాలి. కుళాయి నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, వచ్చాక కూడా సన్నగానే వస్తాయి, బిందెల దగ్గర జుట్లు పట్టుకోవద్దు. గోదావరి గట్టు మీద దొరికిన ఎడమకాలి చెప్పు మా షాపులో భద్రంగా ఉంది, కుడికాలిది చూపించి తీసుకెళ్ళవచ్చు. మా అక్క పోయింది.

ఆ ఆఖరి ముక్క ఒక్కటీ నేను మైకులో చెప్పలేదు. మిగతావన్నీ ఆటోకి మైకు కట్టుకుని రాజమండ్రి అంతా తిరిగి చెప్పగలిగినవాణ్ణే. నాది షామియానాలు, కుర్చీలు, మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు. పెళ్ళికీ నేనే, చావుకీ నేనే. ఏ ఇంట్లో ఎవరు పోయినా అయినవాళ్ళకి చెప్పాక వెంటనే ఫోను చేసేది నాకే. మా అక్క పోయిన కబురు కూడా నాకు అలాగే వచ్చింది, ఆర్డరు రూపంలో.

ఫోను చేసింది మా అక్క అల్లుడు. మర్యాదస్తుడు. "అంకుల్, మా అత్తయ్యగారు పోయారండి. పొద్దున్న లేపితే లేవలేదండి. ఎండ ఎక్కువగా ఉంది కదా, వాకిలంతా కప్పేలా షామియానా వెయ్యాలి. కుర్చీలు కూడా ఎక్కువే పంపండి, స్కూలు వాళ్ళందరూ వస్తారు" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

గోడౌన్లోకి వెళ్ళి నిలబడ్డాను. చావులకి వేసే షామియానా వేరే ఉంటుంది, తెల్లది, కాస్త మాసినా ఎవరూ పట్టించుకోరు. దాన్ని పక్కకి తోసి, పూల డిజైనున్న కొత్తది కిందికి లాగాను. "అది పెళ్ళిళ్ళది కదండీ" అన్నాడు మా వర్కరు. నోరు ముయ్యమన్నాను. కాసేపయ్యాక నేనే దాన్ని మళ్ళీ మడతపెట్టి తెల్లదే బండెక్కించాను.

ఫోను చేసిన ఆ అల్లుడి భార్యకి నేను సొంత మేనమామని. అతనికి ఆ సంగతి తెలియదు, అతని భార్యకీ తెలియదు, మా బావగారికీ తెలియదు. ఈ భూమ్మీద తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆ పొద్దున్నుంచి నేనొక్కణ్ణే. అందుకే ఇక్కడ ఆవిడ పేరు రాయను, నా పేరూ కనపడదు. లెక్కల టీచర్లు ఈ ఊళ్ళో వీధికొకరున్నారు, షామియానా షాపులు సందుకొకటి ఉన్నాయి, ఓపికుంటే వెతుక్కోండి. ఎక్కడో ఒకచోట నలుగురి ముందూ ఆవిడని అక్కా అని పిలవాలనిపించి రాస్తున్నాను, అంతే.

మేం పుట్టింది కోనసీమలో ఒక కాలవ గట్టు మీద. ఊరేదని అడక్కండి. గట్టు మీద పాకలకి ఊరి పేరు ఉండదు, గట్టు మీదోళ్ళు అంటారు. మా నాన్న పడవ పనికని వెళ్ళి ఇక తిరిగి రాలేదు. తను మునిగాడో, మమ్మల్ని ముంచి ఎక్కడో సుఖంగా ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. అమ్మ ఊడ్పులకి వెళ్ళేది, కోతలకి వెళ్ళేది. ఊడ్పులకీ కోతలకీ మధ్య చేలన్నీ పచ్చగా ఉంటాయి, చూడ్డానికి చాలా బావుంటాయి, కూలి మాత్రం ఉండదు. ఆ రోజుల్లో మా పొయ్యిలో పిల్లి పడుకునేది.

ఊళ్ళో పెద్ద ఇళ్ళల్లో పొద్దున్నే అన్నం వార్చేవాళ్ళు. అక్క సత్తుగిన్నె ఒకటి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడేది. "అమ్మగారండి, మా నాన్న పంచెలకి గంజి పెట్టాలంటండి, కాస్త పోస్తారాండి" అనేది. మా ఇంట్లో పంచె లేదు, పంచె కట్టే నాన్న కూడా లేడు. పాకలోకి వచ్చాక ఆ గంజిలో ఉప్పు వేసుకుని ముగ్గురం తాగేవాళ్ళం. ఇంత అబద్ధం ఎందుకే అని నేనంటే, "ఊరికే అడిగితే ముష్టి అంటార్రా. ఏదో పనికని అడగాలి" అనేది. అక్క నాకు నేర్పిన మొదటి పాఠం అదే. అప్పటికి తనకీ నిండా పదేళ్ళు లేవు.

మాకు గంజి పోసేవాళ్ళలో ఒక డాబా ఇంటావిడ ఉండేది. మంచి మనిషి, నవ్వు మొహం. "ఏమే, రోజూ పట్టుకెళ్తున్నావు, మీ నాన్న పంచెలు కర్రల్లా నిలబడుతున్నాయా ఏంటి?" అనేది. "అవునండి, నాన్న ఇంట్లో లేకపోయినా అవే నిలబడి ఉంటాయండి" అనేది అక్క. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు వేళాకోళం ఎక్కణ్ణించి వచ్చిందని జనం అడుగుతుంటారు. అక్కణ్ణించే వచ్చింది.

ఒకరోజు ఆవిడ గంజి పోసి, ఉండమని లోపలికెళ్ళి వచ్చి, గిన్నెలో ఏదో కలిపి మా చేతికిచ్చింది. చూస్తే గంజి నీలంగా ఉంది. "నీలిమందు కూడా వేశానే. మీ అమ్మతో చెప్పు, పంచెలు తళతళ్ళాడతాయి" అంది. ఆవిడ మొహంలో వెటకారం లేదు, మాకు మేలు చేశానన్న సంతోషమే ఉంది. అక్క దండం పెట్టి తీసుకుంది.

అక్క గట్టు మీద కూర్చుని గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది. పారబోస్తే ఆ పూటకి ఇంకేమీ లేదు. మళ్ళీ వెళ్ళి మామూలు గంజి అడిగితే ఎందుకని అడుగుతారు. ముందు తను ఒక గుక్క తాగింది. కాసేపు ఆగి, తనకేమీ కాలేదని నమ్మకం కుదిరాక నాకు పట్టించింది. మిగిలింది అమ్మకి దాచింది. నాకు మాత్రం భలే సరదాగా ఉంది. నాలుక బయటపెట్టి నేను కృష్ణుణ్ణని గంతులు వేశాను. అక్క చెంప మీద ఒక్కటిచ్చింది. ఆనక పరికిణీ అంచు తడిపి నా మూతి మండిపోయేదాకా తోమింది. రంగు పోలేదు. "బళ్ళో ఎవరైనా అడిగితే నేరేడుపళ్ళు తిన్నామని చెప్పు" అంది.

పిల్లలు అడిగారు. నేరేడుపళ్ళని చెప్పాం. కాలం కాని కాలంలో ఏ చెట్టు కాసిందిరా అని ఒక్కడూ అడగలేదు. మాస్టారు కూడా మా ఇద్దరి మూతులూ చూసి, బోర్డు వైపు తిరిగిపోయారు.

అమ్మ పోయాక అక్క గవర్నమెంటు హాస్టల్లో చేరింది, నేను ఒక షామియానా మేస్త్రి దగ్గర చేరాను. తనకి లెక్కలు పట్టుబడ్డాయి, నాకు తాళ్ళు ముడెయ్యడం పట్టుబడింది. తనకి టీచరు ఉద్యోగం వచ్చింది, రాజమండ్రిలో లెక్చరరు సంబంధం వచ్చింది. పిల్ల బావుంది, ఉద్యోగం ఉంది, అన్నీ నచ్చాయి. కాబోయే అత్తగారు మాత్రం, మీ వాళ్ళెవరమ్మా, ఏ ఊరు, ఏపాటి ఉన్నవాళ్ళు అని ఒకటే అడుగుతోందట. ఏం చెప్పన్రా అని అక్క నా దగ్గరికొచ్చింది.

ఆ కథ అల్లింది నేనే. "అమ్మా నాన్నా లేరని చెప్పు, అదెలాగూ నిజమే. మాకు కొబ్బరితోట ఉండేది, తుఫానులో పోయిందని చెప్పు. పోయిన తోటని ఎవడొచ్చి కొలుస్తాడు?" అన్నాను. అక్క నవ్వింది. "మరి నువ్వు?" అంది.

ఆ రోజుల్లో నేను ఈ ఊళ్ళోనే పెళ్ళి పందిళ్ళలో ఎంగిలాకులు ఎత్తేవాణ్ణి. ఆ అత్తగారి వీధిలోనూ ఎత్తేవాణ్ణి. "తుఫానులో నన్ను కూడా కలిపెయ్" అన్నాను. వేళాకోళానికే అన్నాను. ఛీ అదేం మాటరా అంటుందనుకున్నాను. "కొన్నాళ్ళేరా. నేను కుదురుకున్నాక చెప్పేస్తాను" అంది.

ఆవిడ కుదురుకోవడం ఎప్పటికీ పూర్తి కాలేదు. తన పెళ్ళికి షామియానా తాళ్ళు బిగించింది నేనే. కూతురు పుడితే బారసాలకీ నేనే, ఓణీల ఫంక్షనుకీ నేనే. "ఆ షామియానా అబ్బాయినే పిలవండి, పని శుభ్రంగా చేస్తాడు" అనేదట వాళ్ళింట్లో. ఆ అబ్బాయి జుట్టు నెరిసి అంకులయ్యాడు. మేం ఒకరినొకరు చూసుకోవడానికి వేరే దారి లేదు. ఆ ఇంట్లో ఏ కార్యమూ లేని ఏడాది నాకు అక్క లేనట్టే. పదిమంది వచ్చే వ్రతానికి కూడా షామియానా వేయించేది. మా బావగారు విసుక్కునేవారు. ఆయన విసుగు నేను కుర్చీలు దులుపుతూ వినేవాణ్ణి.

పని అయ్యాక వెనక వరండాలో అన్నం పెట్టేది. పనమ్మాయిని రానిచ్చేది కాదు, తనే పెట్టేది. నేను చాలండి మేడమ్ గారండి అంటే, తినవయ్యా అనేది. కూర అడక్కుండానే మళ్ళీ వేసేది. ఎవరైనా అటు వస్తే అన్నం గిన్నె నా పక్కనే వదిలేసి లోపలికి వెళ్ళిపోయేది.

ఆవిడ చీరల గురించి స్కూల్లో చెప్పుకునేవాళ్ళు. ఎప్పుడు చూసినా నేత చీర, మడత నలగకూడదు. ఆ గంజి మాత్రం ఇంట్లో వార్చింది కాదు, షాపులో దొరికే పొడి. అన్నం గంజి బట్టలకి పొయ్యనిచ్చేది కాదు. పనమ్మాయి ఎప్పుడైనా గంజి సింకులో పారబోస్తే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేది. ఆవిడకి ఆ వాసన పడదని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్ళు. స్కూల్లో పిల్లలతో, లెక్క తప్పితే తప్పింది, కొట్టివేత కనపడకూడదు అనేది. టిఫిన్ తెచ్చుకోని పిల్లల్ని పిలిచి, ఇంట్లో మిగిలిపోయింది, పారెయ్యలేకపోతున్నాను, నా కోసం తినిపెట్టు అనేదట. పెట్టేటప్పుడు కూడా ఏదో పనికని పెట్టడమే.

కూతురి పెళ్ళిలో పెళ్ళికూతుర్ని బుట్టలో మేనమామ మోసుకురావాలి. బావగారి వైపు ఎవరో దూరపు చుట్టాన్ని పట్టుకుని, అక్కకి వరసకి తమ్ముడయ్యేలా లెక్క కుదిర్చి, కొత్త పంచె పెట్టి నిలబెట్టారు. నేను మైకు దగ్గరున్నాను. "మేనమామగారు బుట్టతో వస్తున్నారు, దారివ్వండి బాబూ, దారివ్వండి" అని నేనే చెప్పాను. అలవాటు చొప్పున, ఈ బరువు ఇవాళ మామయ్యగారిది, రేపట్నించి అల్లుడుగారిది అని కూడా అన్నాను. జనం నవ్వారు. అక్క పీటల పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కూతుర్ని పంపించేస్తున్నందుకు ఏడుస్తోందని పక్కనున్న ఆడవాళ్ళు వీపు నిమిరారు.

మా అక్కతో నేను ఆఖరిసారి మాట్లాడింది ఆవిడ రిటైర్మెంటు సభలో. వేదిక మీద ఒక్కొక్కరూ లేచి పొగుడుతున్నారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, మేడమ్ గారు కలిగినింట్లో పుట్టారు, లోటంటే ఏమిటో ఎరగరు, అయినా పేదపిల్లల్ని ప్రేమించారు అన్నాడు. చప్పట్లు. అక్క తల వంచుకుని కూర్చుంది. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని వేదికెక్కాను. ఆవిడ ముందు పెడుతూ, "మేడమ్ గారండి, నేరేడుపళ్ళు వచ్చాయి, తెమ్మంటారాండి" అన్నాను మెల్లిగా.

అక్క పకపకా నవ్వేసింది. నలుగురిలో అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. వేదికంతా తిరిగి చూసింది. ఏంటని బావగారు అడిగారు. "ఏం లేదండి, ఈ షామియానా ఆయన ఏదో వాగుతున్నాడు" అంది, ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే.

భోజనాలప్పుడు చేతులు కడుక్కునే చోటికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నవ్వు లేదు. "ఇంకెప్పుడూ ఆ మాట అనకురా" అంది.

"ఇంకా ఎవరికక్కా భయం? మీ అత్తగారు లేరు, ఉద్యోగం అయిపోయింది. గంజి తాగి చదువుకున్నానని ఇందాక చెప్పుంటే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్ళు" అన్నాను.

"గంజి సంగతి చెప్పొచ్చురా. ఇప్పుడది గొప్ప కూడాను. ఉన్న తమ్ముణ్ణి లేడని చెప్పి, వాడు మా ఎంగిలాకులు ఎత్తుతుంటే చూస్తూ ఊరుకుని, వెనక వరండాలో అన్నం పెట్టానని ఎలా చెప్పను? నా కూతురు మళ్ళీ నా మొహం చూస్తుందా?" అంది.

నేను కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను.

"నువ్వొచ్చిన రోజు నాకు భయంరా. రాని రోజు ఇంకా భయం" అంది. అంతలో ఎవరో చేతులు కడుక్కోవడానికి వచ్చారు. "ఇక్కడ నీళ్ళు సరిగ్గా రావట్లేదు, చూడవయ్యా" అని నాతో అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ ఫంక్షనూ జరగలేదు. అంటే నేను ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. ఆవిడకి గుండె జబ్బుందని కూడా నాకు తెలియదు. షామియానా వాడికి ఎవరు చెబుతారు?

ఆ పొద్దున్న వాకిలంతా కప్పేలా వేశాను. అల్లుడు చెప్పిన దానికంటే వెడల్పుగానే వేశాను. లోపల ఆడవాళ్ళు పసుపు కుంకుమ సిద్ధం చేస్తున్నారు. బావగారి మేనత్త ఒకావిడ, బాగా పెద్దది, గుమ్మంలో కూర్చుని అజమాయిషీ చేస్తోంది. "పుణ్యస్త్రీగా పోయింది. పుట్టింటి చీర కప్పకుండా ఎలా లేపుతారమ్మా? పుట్టింటివాళ్ళెవరూ రాలేదా?" అంది.

"ఆవిడకి పుట్టిల్లెక్కడుందండీ పాపం, అందరూ తుఫానులో పోయారు కదా" అన్నారెవరో.

నేను అక్కడే మేకు దిగ్గొడుతున్నాను. సుత్తి పక్కన పడేసి, ఇప్పుడే వస్తానని మావాడికి చెప్పి, బండేసుకుని బజారుకెళ్ళాను. అప్పుడే తలుపులు తీస్తున్న చీరల షాపులోకి దూరాను. పసుపు రంగు నేత చీర, ముదురాకుపచ్చ అంచుది తీయించాను. ఎవరికండీ అన్నాడు షాపతను. "మా అక్కకండి" అన్నాను. ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదలు. "ఆవిడకి నచ్చకపోతే తీసుకురండి, మార్చి ఇస్తాం" అన్నాడు మర్యాదగా.

తిరిగొచ్చేసరికి పాడె కట్టేశారు. చెప్పులు విప్పి, చీర కవరు పట్టుకుని ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళాను. "ఏవయ్యా, కుర్చీలు బయట వెయ్యి" అంది పెద్దావిడ. "కుర్చీలు కాదండి, పుట్టింటి చీరండి" అన్నాను. ఎవరి పుట్టింటిదంది. "ఆవిడదేనండి. నేను ఆవిడ తమ్ముణ్ణండి" అన్నాను. లోపల ఏడుపులు ఆగిపోయాయి. బావగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు. మా మేనకోడలు తల్లి పక్కనుంచి లేచి వచ్చింది. కవర్లోంచి చీర తీసి మడత విప్పి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చింది. "మావయ్యా, నువ్వు కప్పు" అంది.

కప్పాను.

ఇలా రాసుకుంటే చదవడానికి బాగానే ఉంది. కానీ గుమ్మంలో నేను నోరు తెరిచానన్న దగ్గర్నించి మావయ్యా అన్న పిలుపు, ఆ కప్పడం దాకా నా సొంత కల్పన. మిగతాదంతా నిజం. చీర కొన్నమాట నిజం, చెప్పులు విప్పి గుమ్మం దాకా వెళ్ళినమాట కూడా నిజం. పెద్దావిడ కుర్చీలు బయట వెయ్యమంది. ఆయ్ అన్నాను, వేశాను. పుట్టింటి చీర అక్కతో కలిసి పనిచేసిన టీచరుగారు ఒకావిడ కప్పారు. నేను కొన్నది కవర్లోనే, బండి సీటు కింద ఉంది.

అక్కని లేపేటప్పటికి నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను. పాడె నా పక్కనించే వెళ్ళింది. వెనకాలే ఏడుస్తూ వచ్చిన మా మేనకోడలు, "అంకుల్, కొంచెం జరగండి" అంది. జరిగాను, గుంజ మాత్రం వదల్లేదు. ఆ రోజు ఆకు కదలడం లేదు. తాళ్ళన్నీ బిగించే ఉన్నాయి. ఆ గుంజని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. జనం వీధి మలుపు తిరిగి, డప్పుల చప్పుడు కూడా వినపడకుండా పోయేదాకా, దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.